దెయ్యం కోసం నేను ఏడవలేదు

ఆ రోజుల్లో మా అద్దంకి వైపు ఊళ్ళలో మంచీ చెడూ తేల్చడం చాలా తేలిక. ఎర్రగా నిగనిగలాడే మిరపకాయ మేలు, తెల్లగా పాలిపోయింది తాలు. మా పెద్దమ్మ మనుషుల్ని కూడా అలాగే రెండు కుప్పలుగా ఏరేసేది. (నన్ను ఏ కుప్పలో పడేసిందో నేను మర్చిపోయాననుకుంటోంది, పాపం.)

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. టీవీ పెద్దమ్మ ఇంట్లోనే ఉండేది. సాయంత్రం ఏడింటికి దెయ్యం సీరియల్. అత్త బావిలోకి తోసేసిన కోడలు దెయ్యమై వచ్చి అత్త కాలు విరగ్గొడుతుంది, అదే చేత్తో తన పసిబిడ్డ ఉయ్యాల ఊపుతుంది. ఇంతకీ అది మంచిదా, చెడ్డదా? ఆ ఆలోచనతో నాకు అన్నం కూడా సయించేది కాదు. "దెయ్యం దెయ్యమేనే. తాలు!" అనేది పెద్దమ్మ. "మరి తోసిందెవరు పెద్దమ్మా?" అంటే, "పెద్దావిడ, ఏదో కోపంలో తోసింది" అనేది. (ఆ ఏడే పెద్దమ్మకు కొత్త కోడలు వచ్చింది, మా వదిన.)

రేపు ఆఖరి భాగం అనగా, ఆ మధ్యాహ్నమంతా పెద్దమ్మ వాకిట్లోనే తాలు కాయలు ఏరి, చేతులు సరిగ్గా కడుక్కోకుండా టీవీ ముందు కూర్చున్నాను. దెయ్యం అత్త గొంతు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే నాకు కన్ను దురద పెట్టింది. రుద్దాను. మంట పుట్టి రెండో కన్నూ రుద్దాను. ఇక చూడండి, ధారలు!

"ఏమే, అత్తను చంపబోయేదాని కోసం ఏడుస్తున్నావా?" పెద్దమ్మ లేచి నిలబడింది.

"కారం పెద్దమ్మా, కారం!"

"ఎవరికి చెబుతావే? దెయ్యం వచ్చినప్పుడే వచ్చిందా నీ కారం? రేపట్నుంచి నా గడప తొక్కావంటే చూడు!"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. (అదీ గుర్తుంది.)

ఆఖరి భాగం అలా పోయింది. మర్నాడు గోడ మీంచి అడిగితే, "దెయ్యమే అత్త కాళ్ళు పట్టుకుంది" అంది పెద్దమ్మ. నీళ్ళ పంపు దగ్గర వదిన నన్ను పక్కకు లాగి, "అత్తే పట్టుకుందమ్మాయ్" అంది. ఎవరిని నమ్మను?

ఇరవై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ పెద్దమ్మను నిలబెట్టి, అది కారమేనని చెబుతూనే ఉన్నాను. "ఆఁ, ఆఁ" అంటుందే తప్ప ఒప్పుకోదు.

మొన్న బ్రాడీపేటలో, మా ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తుంటే ఆ ఆఖరి భాగం దొరికింది. ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. దెయ్యం గొంతు వదిలేసి, బిడ్డను తెచ్చి అత్త ఒళ్ళో పెట్టి, బావి వైపు నడిచింది. అత్త వెనకనుంచి "ఉండవే" అంది. అంతే.

ఇద్దరినీ ఏ కుప్పలో వెయ్యాలో తోచక అలాగే కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే చెంపలు తడిగా ఉన్నాయి. అనుమానం వచ్చి చేతులు వాసన చూసుకున్నాను. సబ్బు వాసన.

పెద్దమ్మకు మాత్రం ఈ సంగతి చచ్చినా చెప్పను.