కెప్టెన్ బాషా తోలని విమానం

మహబూబ్ బాషాకు విమానాల పిచ్చి ఎప్పుడు పట్టిందని నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు వదులుతుందని అడిగేది మాత్రం వాళ్లమ్మ లాల్ బీ ఒక్కతే. ఓర్వకల్లులో రోడ్డు పక్కన బాషాకు మోటార్ల రివైండింగు షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి పడేస్తే రాగి తీగ కొత్తగా చుట్టి ఇస్తాడు. పని మంచిది, మాట మంచిది. తల మాత్రం ఎప్పుడూ మబ్బుల్లోనే. ఎవరైనా రైతు వచ్చి, "ఏమప్పా, నా మోటారు అయిందా?" అంటే, "రొంత ఉండప్పా, బెంగుళూర్లో దిగినంక చూస్తా" అని లోపలినుంచి కేక వేస్తాడు. ఆ రైతు బయటికొచ్చి, వీడు బెంగుళూరు ఎప్పుడు పోయినాడని టీకొట్లో విచారిస్తాడు.

షాపు వెనక గదిలో కంప్యూటరు ఉంది. అందులో విమానం నడిపే ఆట ఉంది. ఆట అని నేనంటే వాడికి ఒళ్లు మండుతుంది. "ఆట గాదు, సిమ్యులేటరు" అంటాడు. సరే, ఏదో ఒకటి. ఇంజను పెంచే మీటను పాత స్టార్టరు పెట్టె హ్యాండిలుతో చేసుకున్నాడు. కాళ్లకింద తొక్కుడు పలకలు కావలసి వస్తే లాల్ బీ కుట్టుమిషనుది ఊడబెరికి తెచ్చాడు. ఆమె రవికలు కుట్టడం ఆనాటితో ఆగిపోయింది, తిట్టడం ఆనాటితో మొదలైంది.

ఈ పిచ్చి వాడొక్కడితో పోతే బాగుండేది. నన్నూ శివజ్యోతినీ కూడా ముంచాడు. నా పేరు ఉమామహేశ్, బాషా షాపు పక్కన జిరాక్సు షాపు నాది. శివజ్యోతి కర్నూలులో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది, ముగ్గురం బడిలో కలిసి చదివినవాళ్లం. ముగ్గురం కలిసి ఒక వెబ్‌సైటు పెట్టాం. దాని పేరు రాళ్లసీమ ఎయిర్‌వేస్. కంపెనీకి విమానం లేదు, ఆఫీసు లేదు. టైంటేబులు ఉంది, కెప్టెన్లు ఉన్నారు, హోదాలు ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. ఏ దేశంవాడైనా సరే, ఇంట్లో కూర్చుని మా టైంటేబులు ప్రకారం తన కంప్యూటర్లో విమానం తోలవచ్చు. ఓర్వకల్లు, కడప విమానాశ్రయాలను చుట్టుపక్కల గుట్టలతో సహా శివజ్యోతి కంప్యూటర్లో కట్టింది. ఎవరైనా వాటిని ఊరికే డౌన్‌లోడు చేసుకోవచ్చు. జర్మనీనుంచి ఒకాయన, "రన్‌వే దగ్గర ఇంతింత రాళ్లుంటాయా? అబద్ధం" అని రాశాడు. బాషా పనులన్నీ వదిలేసి, ఒక బండరాయి పక్కన నన్నూ నా స్కూటర్నీ నిలబెట్టి ఫొటో తీసి పంపాడు. ఆయన క్షమాపణ చెప్పి మా కంపెనీలో చేరిపోయాడు.

వెబ్‌సైటు మొదటి పేజీలో బాషా ఫొటో ఉంటుంది. తెల్లచొక్కా, భుజాలమీద పట్టీలు, తలమీద టోపీ. టోపీ కర్నూలు బ్యాండుమేళం వాళ్ల దగ్గర అడిగి తెచ్చింది. కింద "కెప్టెన్ మహబూబ్ బాషా" అని పెద్ద అక్షరాలు. దానికింద నా ఫోను నెంబరు, అదీ నా ఖర్మ.

పత్తికొండనుంచి ఒక టమాటాల వ్యాపారి ఫోను చేశాడు. "అప్పా, సాయంత్రం మద్రాసు విమానంలో టమాటా పెట్టెలు ఎన్ని పడతాయి?"

"పట్టవన్నా. ఇవి ఉత్తుత్తి విమానాలు."

"ఉత్తుత్తివైతే టైములు ఏంటికి పెట్టినారు?"

ఇది నిజం కంపెనీ కాదని పేజీ పైన రాద్దామని శివజ్యోతి మొత్తుకుంది. అట్లా రాస్తే పైలట్ల మనసు విరిగిపోతుందని బాషా ఒప్పుకోలేదు. చివరికి పేజీ అడుగున, చీమ కూడా కళ్లజోడు పెట్టుకుని చదవాల్సినంత చిన్నగా రాశాం. ఆ చిన్న అక్షరాలు మా కొంప ఎట్లా ముంచాయో చెబుతాను.

లాల్ బీకి మక్కా పోయి ఉమ్రా చేయాలని కోరిక. మొగుడు పోయినప్పటినుంచీ అదొక్కటే మాట. ఈ ఏడు కడపలో ఉండే కూతురు ఆస్మా, అల్లుడు రబ్బానీ పోతూ ఆమెనూ తీసుకుపోతామన్నారు. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, హైదరాబాదునుంచి జెడ్డాకు టికెట్టు కూడా వచ్చింది. అప్పుడు లాల్ బీ తాపీగా చెప్పింది.

"నేను రాను. నేల ఇడిసి పైకి పొయ్యేదానికి నేనేమన్నా కొంగనా?"

కూతురు ఏడ్చింది, అల్లుడు బతిమాలాడు. కర్నూల్లో బట్టలకొట్లో లిఫ్టు ఎక్కమంటేనే గోడ పట్టుకుని కూర్చున్న మనిషి ఆమె. ఇన్నేళ్ల కోరిక గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుందేమోనని మాకందరికీ బెంగ పట్టుకుంది. అప్పుడు బాషా అన్నాడు, "నేను నేర్పిస్తా."

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే షాపు తలుపులు దగ్గరికేసి ఆమెకు విమానం అలవాటు చేయడం మొదలుపెట్టాం. బాషా పక్కన ఆమెకు కుర్చీ. దానికి జీపు బెల్టు. నేల తగిలినప్పుడు తగిలినట్టు తెలియాలని కుర్చీ కింద చిన్న మోటారు బిగించాడు. విమానం మెత్తగా దిగితే కుర్చీ సన్నగా వణుకుతుంది, దబ్బున దిగితే మనిషి ఎగిరిపడుతుంది. మొదటిరోజు లాల్ బీ గుమ్మంలోనుంచే తువ్వాలు విసిరి కుర్చీమీద వేసింది. ఎందుకని అడిగితే, "సీటు పట్టుకోవద్దా?" అంది. ఆర్టీసీ బస్సులో పండిన చెయ్యి. గురి తప్పలేదు.

బాషా మైకు పట్టుకుని, "ఏమమ్మా, ఏమప్పా, అందరూ బెల్టులు కట్టుకోండి, గమ్మున కూచోండి, పోతాండాం" అనేవాడు. శివజ్యోతి టీ ఇచ్చేది. మబ్బుల్లో కుదుపులు వచ్చినప్పుడు కుర్చీని వెనకనుంచి ఊపడం నా డ్యూటీ. మొదట్లో కళ్లు మూసుకుని దువా చదువుకున్న లాల్ బీ, రానురాను కళ్లు తెరిచింది. తర్వాత నోరు తెరిచింది. "ఆ చక్రాలు ఇంగా మడవలేదేమిరా?" అని కొడుకునే దబాయించేది. జర్మనీ ఆయన కూడా తన ఇంట్లోనుంచి మా పక్కనే విమానం తోలుతుంటే, ఆ పక్కన పోయేది ఎవరని అడిగింది. చెప్పాం. "పాపం, అన్నం తిన్న్యాడో లేదో అడుగప్పా" అంది. అడిగాం. తిన్నాడట.

లాల్ బీకి భయం పోయింది. పోయిందంటే మామూలుగా పోలేదు. వీధిలో పక్కింటి సుంకులమ్మను నిలబెట్టి, "విమానమంటే ఏముండాదే, బస్సు కంటే నయం, గుంతలుండవు" అని చెప్పేంతగా పోయింది. "నా కొడుకు తీస్కపోతాండాడు నన్ను" అని అందరికీ చెప్పుకుంది. ఏర్పాట్లన్నీ బాషా చేశాడు కదా, అందుకే అట్లా అంటోందనుకున్నాం. బాషా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నేనూ వెబ్‌సైటులో ఆమె ఫొటో పెట్టి, "మా మొదటి ప్రయాణికురాలు" అని రాశాను. నా బుద్ధి గడ్డి తినింది.

ప్రయాణం రోజు వచ్చింది. ఇంటిముందు వ్యాను నిలబడి ఉంది. బంధువులు పూలదండలు వేస్తున్నారు, ఒకరు కావలించుకుని ఏడుస్తున్నారు, ఇంకొకరు తమ పేరున దువా చేయమంటున్నారు. లాల్ బీ తెల్ల ముసుగు సర్దుకుని వ్యాను మెట్టుమీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి చూసింది. బాషా లుంగీలో ఉన్నాడు.

"ఇంగా లుంగీ ఏందిరా? నీ టోపీ యాడ? పెట్టె యాడ?"

"నాకేంటికమ్మా పెట్టె?"

"మల్ల విమానం ఎవురు తోల్తారు?"

మా అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ఆమె కంపెనీని నమ్మింది, ఫొటోను నమ్మింది, టైంటేబులును నమ్మింది. చీమ అక్షరాలు ఆమెకెవరు చదివి వినిపించారు? కొడుకే తనను జెడ్డా దాకా తోలుకుపోతాడని, ఇన్నాళ్లూ అందుకే కష్టపడి నేర్చుకుంటున్నాడని అనుకుంది.

ఆమె మెట్టుమీదనుంచి కాలు తీసి, గుమ్మంలో చతికిలబడింది. దండలు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది. వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. ఆస్మా మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

నేను బాషాను పక్కకు లాగాను. "టోపీ పెట్టుకొని నేనే తోల్తాండా అని చెప్పరా. విమానంలో డ్రైవరు లోపల గదిలో ఉంటాడు, బయటికి రాడు. ఆమెకు యాడ తెలుస్తాది?"

"మక్కాకు పొయ్యే మనిషికి అబద్ధం చెప్పి పంపీమంటావా?" అన్నాడు. అంత కోపంగా వాడు నన్నెప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది.

బాషా పోయి తల్లిముందు గొంతుకూర్చున్నాడు. ఇంతమంది బంధువులు, సగం ఊరు చూస్తుండగా చెప్పాడు.

"అమ్మా, నేను డ్రైవర్ని కాదు. విమానం ఒక్కసారి గూడా ఎక్కిందే లేదు. అది ఆటమ్మా."

అది ఆట అని వాడు ఒప్పుకోవడం అదే మొదలు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వినవాణ్ని చెంపమీద కొట్టాలనిపించింది నాకు.

"మల్ల ఇన్ని దినాలు నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టి ఊపించింది ఏంటికిరా?"

"నీ భయం పోవల్లని."

"నువ్వు పక్కనుంటే నాకు భయం యాడిదిరా?"

బాషా తల వంచుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు చూసి శివజ్యోతి అటు తిరిగింది. అల్లుడు రబ్బానీ సామాను దించమందామా వద్దా అని నన్ను చూశాడు. నేను నేలకేసి చూశాను.

లాల్ బీ ముసుగు సర్దుకుని, "ఆ తోలే ఆయప్ప ఎవురు?" అంది.

"తెలీదమ్మా."

"యాడ నేర్చుకున్న్యాడు?"

"ఇట్లాంటిదాంట్లోనే. నాదానికంటే శానా పెద్దది. అందులో కూచోబెట్టి మల్లామల్లా తోలిపిస్తారు. నేర్చుకున్నంకనే పైకి పంపిస్తారు."

"దాంట్లో కూచుంటే, పిలిస్తే పలకడా?"

"పలకడు."

"అన్నం చల్లారిపోతాదా?"

"పోతాది."

"వాళ్లమ్మ తిడతాదా?"

"తిట్టే ఉంటాదిలే అమ్మా."

లాల్ బీ పక్కన పెట్టిన దండలు తీసి మళ్లీ మెళ్లో వేసుకుంది. "అయితే బాగనే నేర్చుకొనుంటాడు. పట్టండి పెట్టె" అని లేచింది. వ్యాను కదిలింది.

మరుసటిరోజు బాషా పని ముట్టలేదు. విమానాలు ఎక్కడ పోతున్నాయో చూపించే యాప్ ఒకటి ఉంది కదా, దాన్ని ఫోనులో తెరిచి, లాల్ బీ ఎక్కిన విమానం తాలూకు పసుపుపచ్చ చుక్కకేసి చూస్తూ కూర్చున్నాడు. చుక్క సముద్రం మీదికి పోయినప్పుడు వాడూ ఊపిరి బిగబట్టాడు. "ఇంగ దించుకో, ఎత్తు తగ్గించుకో" అని దానికి దారి చెప్పాడు. మోటారుకోసం వచ్చిన పుల్లన్న అనే రైతు, తిట్టడానికి వచ్చినవాడే, సంగతి తెలిసి పక్కన బల్లమీద కూర్చుని తనూ చుక్కను చూశాడు. చుక్క జెడ్డాలో ఆగింది.

ఎంతోసేపటికి ఫోను మోగింది. ఆస్మా అమ్మకు ఇచ్చింది. బాషా స్పీకరు నొక్కాడు.

"అమ్మా! ఎట్లుండాది? భయమేసిందా?"

"ఏం భయంరా? బాగనే తోలినాడు" అంది లాల్ బీ. ఫోనులో ఎంత దూరం మాట్లాడితే అంత గట్టిగా అరవాలని ఆమె నమ్మకం. "దించేతప్పుడు మాత్రం దబ్బుమనిపించినాడు. నా నడుము కలుక్కుమనింది. నీ మాదిరి మెత్తగా దించేది ఆయప్పకు రాలేదురా బాషా!"

ఆ మాట టీకొట్టు దాకా వినిపించింది. గ్లాసులు కడిగే మనిషి కూడా చెయ్యి ఆపి ఇటు తిరిగాడు. బాషా ఒక చేత్తో ముఖం తుడుచుకుని, బుగ్గంతా గ్రీజు పూసుకుని, ఫోనును ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, సిగ్నలు సరిగ్గా లేదు. ఏమీ వినపడలేదు. ఇంగొకసారి చెప్పు."