పసరుకి తగ్గనివాళ్లు

1998 వర్షాకాలం. మండపేటలో రైస్ మిల్లుల రోడ్డు మీద, ఒక డాక్టరుగారి క్లినిక్ పక్క గదిలో మా ల్యాబ్ ఉండేది. నేను టెక్నీషియన్ని. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు రాయడం, కరెంటు పోతే అట్టముక్కతో విసురుకోవడం, అన్నీ నా పనులే. వానలు పడి కాలవ నీళ్లు ఎర్రబడ్డాయంటే మాకు కామెర్ల కేసులు మొదలైనట్టే. దానికి చేసే పరీక్ష సీరం బిలిరుబిన్. రక్తంలో పసుపు రంగు పదార్థం ఎంత పేరుకుందో అది చెబుతుంది. మామూలు మనిషికి ఒకటి లోపే ఉంటుంది.

ఆ వచ్చేవాళ్లలో చాలామంది మందు మా డాక్టరుగారి దగ్గర తీసుకునేవారు కాదు. రామచంద్రపురం వైపు ఒక పల్లెలో సుబ్బరాజుగారనే రైతు ఇచ్చే పసరు తాగేవారు. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మాత్రం మా దగ్గరికి వచ్చేవారు. మందు ఆయనది, మార్కులు వేయడం మాది. ఆయన ఆదివారం, గురువారం పొద్దు పొడవకముందే పరగడుపున పసరు పోసేవారు. డబ్బు ముట్టుకుంటే మందు పనిచేయదని ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. ఆకు పేరు అస్సలు చెప్పేవారు కాదు. పసరు పుచ్చుకున్నన్నాళ్లూ ఉప్పు, నూనె లేని పథ్యం, ఉత్త మజ్జిగన్నం. చివర్న ఆయన చేత్తో ఉప్పు కలిపిన ముద్ద పెడితే పథ్యం వదిలినట్టు. దాన్ని విడుపు అనేవారు. విడుపు కాకుండా ఇంకో మందు వాడితే వికటిస్తుందని అందరి నమ్మకం.

ఆ ఆకు ఏమిటో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం. ఎందుకంటే చాలామందికి బిలిరుబిన్ నిజంగానే దిగేది. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు విశ్రాంతి తీసుకుంటే చాలావరకు వాటంతటవే తగ్గుతాయని, మధ్యలో పేరు పసరుకి వస్తుందని మా డాక్టరుగారు నవ్వేవారు. నాకు ఆ మాట సగమే రుచించేది.

అలాంటి రోజుల్లో సత్తిబాబు వచ్చాడు. మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. పసరు మొదలుపెట్టకముందు బిలిరుబిన్ ఆరు ఉంది. తర్వాత తొమ్మిదైంది. మూడోసారి వచ్చేసరికి పదమూడు. ఒళ్లంతా గోక్కుని చారలు పడ్డాయి. మూత్రంలో యూరోబిలినోజెన్ అనే పదార్థం చూస్తాం. పిత్తం పేగుల్లోకి దిగితేనే అది మూత్రంలో కనిపిస్తుంది. సత్తిబాబుకి బొత్తిగా లేదు. డాక్టరుగారు రిపోర్టు చూసి, పిత్తం దారికి ఏదో అడ్డం పడిందని, చలి జ్వరం కూడా మొదలైంది కాబట్టి వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లకపోతే ప్రాణం మీదికి వస్తుందని ఖచ్చితంగా చెప్పారు.

సత్తిబాబు భార్య వీరవేణి కదల్లేదు. బల్ల మీద కూర్చుని కొంగు నలుపుకుంటూ ఉంది. నేను బతిమాలాను, కసిరాను కూడా.

"ఇడుపు అవ్వకుండా సూదేయిస్తే వికటిస్తాదంటండి. రేపు ఈయనకేదన్నా అయితే నా చేతుల్తో చంపుకున్నట్టు కాదాండి?" అంది.

ఆ మాటకి నాకు చచ్చేంత కోపం వచ్చింది. మధ్యాహ్నం సెలవు పెట్టి, రిపోర్టులు పట్టుకుని, సుబ్బరాజుగారితో తేల్చుకుందామని బస్సెక్కాను.

తీరా వెళ్తే ఆయన అరుగు మీద గోనెపట్టా పరుచుకుని ఆకు ఏరుతున్నారు. నన్ను చూసి మజ్జిగ తెప్పించారు. నేను ల్యాబ్ నుంచి వచ్చానంటే సంబరపడిపోయి దొడ్డంతా తిప్పారు. అడ్డసరం దగ్గుకి, నల్లేరు విరిగిన ఎముకకి, తిప్పతీగ విడవని జ్వరానికి, వావిలాకు బాలింతల స్నానానికి. అన్నిటి పేర్లూ చెప్పారు, గోనెపట్టా మీదవాటికి తప్ప. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వంగి చూశాను. చింతాకులాంటి సన్నటి ఆకు, దాని కింద వరసగా ఆవగింజలంత కాయలు. నేల ఉసిరి. ఆయన అరచేతులు నల్లగా ఉన్నాయి. మా అమ్మ తలనూనె కాచినప్పుడు ఆమె చేతులూ అలాగే ఉండేవి. గుంటగలగర పసరు తగిలితే చెయ్యి నల్లబడుతుంది.

"నేల ఉసిరి, గుంటగలగర. అంతేనాండి?" అన్నాను.

ఆయన చేతులు తువ్వాల్లో దాచుకుని నవ్వారు. "చూసినదానికి నేనేం చేయనమ్మా. నేను మాత్రం చెప్పలేదు."

అప్పుడు రిపోర్టులు తీశాను. కాలేయం అలిసిపోయి వచ్చే కామెర్లు వేరు, దారి మూసుకుపోయి వచ్చేవి వేరు అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "తూము పూడిపోతే పైనెంత నీరు వదిలినా చేలోకి రాదు, అంతేగా" అన్నారు. ఆయనకి అంతా అర్థమైంది గాని నమ్మకం మాత్రం కుదరలేదు.

"మా నాన్నగారి కాలం నుంచీ ఇస్తున్నాం. తగ్గలేదని ఇంతవరకూ ఒక్కరూ ఈ గుమ్మం తొక్కలేదమ్మా" అన్నారు. గొప్పకి అనలేదు. నిజంగానే ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నాకు అక్కడ దిమ్మ తిరిగింది. తగ్గనివాళ్లు నాకు తెలుసు. ఏటా చూస్తున్నాను. పథ్యంలో తామే ఏదో తప్పు చేశామనుకుని, ఆయనకి మొహం చూపించలేక మా దగ్గరికి వచ్చేవారు. ఆ మాటే చెప్పాను, విడుపు కానిదే సత్తిబాబు భార్య కదలనంటోందని కూడా. మధ్యలో విడుపు చేస్తే హస్తవాసి పోతుందని వాళ్ల నాన్నగారు హెచ్చరించారట. ఆయన ఆ సంగతి నాకు చెప్పి, లోపలికి వెళ్లి, గిన్నెలో అన్నం, పొట్లంలో ఉప్పు పట్టుకొచ్చారు. నన్ను స్కూటర్ ఎక్కమన్నారు.

మేం వెళ్లేసరికి ఇంట్లో సత్తిబాబు దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. సుబ్బరాజుగారు పక్కన కూర్చుని, అన్నంలో ఉప్పు కలిపి చిన్న ముద్ద నోట్లో పెట్టారు.

"నీ పథ్యంలో లోపం లేదురా అబ్బాయ్. నా మందే నీ జబ్బుకి సరిపడేది కాదు. కాకినాడ వెళ్లు" అన్నారు.

వీరవేణి ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. ఆ సాయంత్రమే మిల్లు వాళ్ల జీపులో తీసుకెళ్లారు. పిత్తనాళంలో రాయి ఉందట, తీసేశారు. కొన్ని వారాలకి సత్తిబాబు మళ్లీ రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు బిలిరుబిన్ ఒకటికి దిగింది. మార్కులు ఈసారి ఎవరికి వేయాలో నాకే తెలియలేదు.

సుబ్బరాజుగారు పసరు మానలేదు. కాని పరీక్ష చేయించుకుని రమ్మనేవారు. వచ్చిన ప్రతివారికీ, తగ్గకపోతే నాకే వచ్చి చెప్పండి అని మరీ మరీ చెప్పేవారు. మరుసటేడు ఒకరోజు ల్యాబ్‌కి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆ మాట విని ఒక పెద్దావిడ ఇంటికి వచ్చిందట. ఆవిడ భర్త ఎప్పుడో ఆయన పసరు తాగి, తగ్గక చనిపోయాడు. మజ్జిగలో అలవాటుగా ఉప్పు వేసేశానేమోనని అప్పటి నుంచీ తనని తానే తిట్టుకుంటోందట.

"ఆవిడ మా ఊళ్లోనే ఉంది. మా చేలో ఏటా నాట్లేస్తుందమ్మా" అన్నారాయన.

ఆ తర్వాత నేను రిపోర్టు ఇచ్చే పద్ధతి మారింది. మందు ఆకుదైనా మాత్రదైనా, తగ్గలేదని అంకె చూపించేటప్పుడు, ఇందులో మీ తప్పేమీ లేదండి అని కూడా చెప్పేదాన్ని. జబ్బు సంగతి వినేటప్పుడు నిబ్బరంగా ఉన్నవాళ్లు ఎంతమందో ఆ ఒక్క మాటకి ఏడ్చేశారు.