స్టెప్నీ లేని కారు

మొన్న మా వీధి మలుపులో పంక్చరు కొట్టు ముందు ఆగిపోయాను. కొట్టతను ట్యూబు మీద సొల్యూషన్ పూసి, ఆరడానికి నోటితో ఊదుతున్నాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా అరచేతులు చెమర్చాయి. అరవై ఏళ్ళు దాటిపోయాయి. అయినా అది నాకు రబ్బరు వాసనలా తోచదు. రక్తం, ఎండ, ఎండుగడ్డి కలిసిన వాసనలా తోస్తుంది. దాని వెనకే డాక్టర్ పంపావతమ్మగారు గుర్తుకొస్తారు.

ఆమె బళ్లారిలో పది మంచాల ఆసుపత్రి నడిపేవారు. అక్కడి పాత రైతు కుటుంబం వారిది. మద్రాసులో వైద్యం చదివి, పెళ్ళి మాట తలపెట్టకుండా సొంత ఊరికి తిరిగొచ్చారు. తన కారు తానే నడుపుకునే ఆడమనిషిని నేను చూడడం అదే మొదలు. మా వాళ్ళు కృష్ణా జిల్లాలో ఉన్నది అమ్ముకుని, తుంగభద్ర కాలువ కింద పొలం కొనుక్కుని సిరుగుప్ప దగ్గర కోస్తా రైతుల క్యాంపులో స్థిరపడ్డారు. నర్సు చదువు ముగించి ఆమె దగ్గరికి వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆమె నా సర్టిఫికెట్టు చూసి, మడిచి చేతికిచ్చి, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి కారు చూపించారు.

"ఈ చక్రం ఊడదీస్తావామ్మా?"

"నేను నర్సునండీ."

"అది కాయితంలో చూసినాను. చక్రం సంగతి అడుగుతాండా."

నిర్ఘాంతపోయాను. ఇంటికి వెళ్ళిపోదామనే అనిపించింది. కానీ ఆమె అప్పటికే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నేల మీద గొంతుక్కూర్చుని జాకీ బిగిస్తున్నారు. డాక్టరు కింద కూర్చుంటే నర్సు నిలబడి చూడడం ఎలా? నేనూ కూర్చున్నాను.

మూడు వారాల పాటు వార్డు పని ముగిశాక నాకు ఇదే శిక్షణ. నట్లు విప్పడం, ఇనుప పట్టీలతో టైరు విప్పి ట్యూబు లాగడం, చిల్లు వెతకడం, అతుకు వెయ్యడం, చేతిపంపుతో గాలి కొట్టడం. కోతలైన పొలంలో కారు నడపడం కూడా నేర్పారు. ఒకనాడు వెనక డిక్కీ తెరిచి చూస్తే, స్టెప్నీ ఉండాల్సిన చోట ఒక గోనెసంచి ఉంది. దాని నిండా వరిగడ్డి.

"స్టెప్నీ యాడుందని చూస్తాండావా? కింద తిరగతా ఉండాది," అన్నారు. ఉన్న చక్రాల్లో ఒకటి అరిగిపోతే, స్టెప్నీని దాని స్థానంలో బిగించేశారట. కొత్త టైరు కోసం కొట్లో చెప్పి నెలలు గడిచాయి. రాలేదు.

"మరి దారిలో టైరు పోతే ఎలాగండీ? వెళ్ళడం మానుకోవచ్చుగా?"

"టైరు వచ్చేదాకా కాన్పులు ఆగతాయేమ్మా?"

అతుకు పడనంతగా ట్యూబు చిరిగితే టైరు నిండా గడ్డి కూరి, నెమ్మదిగా ఇల్లు చేరవచ్చని ఆమె ఎవరో లారీ డ్రైవరు దగ్గర విన్నారు. ఒక ఆదివారం చేసి చూశాం. అరమైలు పోకముందే గడ్డి నలిగి పొడైపోయింది. విడిగడ్డి నిలవదని, మా వైపు మోపులు కట్టడానికి పేనినట్టు వెంటి పేని, ఆ తాడును చుట్టలు చుట్టలుగా కూరాలని నేనన్నాను. ఆమె నా పక్కన కూర్చుని వెంటి పేనడం నేర్చుకున్నారు. అంత పెద్ద డాక్టరు నా దగ్గర ఒక పని నేర్చుకోవడం నాకు చాలా రోజులు నమ్మశక్యం కాలేదు.

గురువారం గురువారం మేము తెక్కలకోట అనే ఊరికి వెళ్ళి రోగులను చూసి వచ్చేవాళ్ళం. ఆ గురువారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతుండగా బసప్ప అనే రైతు పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య ఈరమ్మ పొద్దున ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. మేము వెళ్ళేసరికి ఆమె పెదవులు బూడిద రంగుకు తిరిగాయి. డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆగలేదు. బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలి ఈరమ్మను వెనక సీట్లో పడుకోబెట్టాం. డాక్టరుగారు కింద మోకరిల్లి, ఒక పిడికిలి లోపల, మరో చెయ్యి పొట్ట మీద పెట్టి గర్భసంచిని నొక్కి పట్టుకున్నారు. అప్పుడు ధార తగ్గింది.

"లీలా, నువ్వు తోలు."

పొలంలో తప్ప రోడ్డు మీద నేను ఎన్నడూ నడపలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

బళ్లారి ఇంకా దూరం ఉండగానే తుపాకి పేలినట్టు చప్పుడైంది. కారు ఒక పక్కకు ఈడ్చుకుపోయింది. ఎలా ఆపానో ఇప్పటికీ చెప్పలేను. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. రెండు పక్కలా నల్లరేగడి. కనుచూపు మేర మనిషి లేడు. నేను ఆ చక్రాన్ని చూస్తూ కొయ్యలా నిలబడిపోయాను.

"డాక్టరవ్వా, నా హెండ్తి ఈరమ్మ సత్తుపోతాదా?" అన్నాడు బసప్ప. "బండి యాడన్నా దొరకతాదేమో చూసొస్తా."

"ఎద్దుల బండి చేరేలోగా ప్రాణం ఉండదప్పా. ఈడే ఉండు." ఆమె తల తిప్పకుండా నన్ను పిలిచారు. "నేను చెయ్యి తీస్తే ఈమె పోతాది లీలా. టైరు నువ్వే చూడల్ల. నిలబడుకున్యావేంది, నట్లు యాడ ఉండాయో నీకు తెలీదా?"

తెలుసు. నాకంటే ముందు నా చేతులకు తెలుసు. ఎండకు కాలిన నట్లను స్పానరుతో వదులు చేసి, కొంగుతో పట్టుకుని విప్పాను. జాకీ తిప్పుతుంటే ఈరమ్మ మూలిగింది. ఆ మూలుగు వినబడినంతసేపూ బతికి ఉందని ధైర్యం తెచ్చుకున్నాను. టైరు విప్పి ట్యూబు బయటికి లాగాను. మూరెడు పొడవున చీలిపోయింది. ఏ అతుకూ దానికి చాలదు.

"డాక్టరుగారూ, ట్యూబు చిరిగిపోయింది."

"గడ్డి ఉండాది కదా," అన్నారు.

బసప్ప వరి పండించే మనిషే. నేను సంచి విప్పి వెంటి పేనడం మొదలుపెట్టగానే రెండో కొస పట్టుకున్నాడు. పేనిన వెంటి మీద డిక్కీలోని డబ్బా నీళ్ళు చల్లి, చుట్ట చుట్టి, ఇనుప పట్టీతో పొడిచి పొడిచి కూరాం. నా గోళ్ళు చీలాయి. అతను కన్నడంలో దేవుణ్ణి తిడుతూ, ఏడుస్తూ కూరాడు. చక్రం బిగించి కారెక్కాక, మనిషి పరుగెత్తేంత వేగం మించకుండా నడిపాను. రెండు చోట్ల ఆపి, కాలుతున్న టైరు మీద నీళ్ళు పోశాం. బళ్లారి పొలిమేర చేరేసరికి ఆ చక్రంలోంచి గడ్డి పీచులు రాలుతున్నాయి.

పెద్దాసుపత్రిలో ఈరమ్మకు రక్తం ఎక్కించారు. చీకటి పడకముందే ఆమె కళ్ళు తెరిచి, బిడ్డ పాలు తాగిందా అని అడిగింది. బసప్ప గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయాడు.

బయట వరండాలో ఎవరో మాకు టీ తెచ్చి ఇచ్చారు. డాక్టరుగారి చేతిలోంచి గ్లాసు జారి పడింది. రెండోదీ పడింది. రెండు గంటలకు పైగా బిగించి పట్టిన ఆ వేళ్ళు ముడుచుకోవు, చాచుకోవు. మూడో గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

"చెయ్యి నొప్పా అండీ?"

"నొప్పి కాదమ్మా. భయం. ట్యూబు పోయిందని నువ్వు చెప్తానే నా పని అయిపోయిందనుకుంటి."

ఆ రోజు టైరు పేలినప్పుడు కూడా నేను అంతగా అదిరిపడలేదు. "మీకు భయమా!" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూశారు. "ప్రతి గురువారమూ కారెక్కేటప్పుడు నాకు భయమే. భయం లేనిదాన్నైతే ఆ గడ్డి ఎందుకు మోసుకోని తిరుగుతాను?"

నేను అప్పటిదాకా ధైర్యమంటే భయం లేకపోవడం అనుకునేదాన్ని. నాకు మాత్రమే గుండె దడదడలాడుతుందని, నేను ఈ పనికి తగనని లోలోపల కుమిలిపోయేదాన్ని. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె తర్వాత ముప్పై ఏళ్ళ పైన నర్సుగా పనిచేశాను, కొత్తవాళ్ళకు పని నేర్పాను. ఒక్క కాన్పు కూడా భయపడకుండా చూడలేదు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి మందుల గదిలో ఏడుస్తూ దొరికింది. చేతులు వణుకుతున్నాయని, ఉద్యోగం మానేస్తానని అంది. ఆ చేతులు రెండూ పట్టుకుని, నావీ వణుకుతున్నాయని చూపించాను. "పద, ఈ చేతులతోనే ట్రే ఇంకోసారి సర్దుదాం," అన్నాను.