ఎల్లర్‌బాచ్ చేతి రొట్టె

విస్టన్‌లీలో పిల్లలకు కోరింత దగ్గు పట్టుకుంటే తల్లులు పట్నంలోని డాక్టరు కోసం పరిగెత్తేవారు కాదు. కెజయా ఎల్లర్‌బాచ్ గుమ్మం ముందు నిలబడి, "ఇంట్లో రొట్టె ఉందా?" అని అడిగేవారు. ఆమె ఒక ముక్క కోసి, వెన్న రాసి చేతిలో పెట్టేది. పుచ్చుకున్నవాళ్లు మారుమాట్లాడకుండా వెనుదిరగాలి. బదులుగా ఏమీ ఇవ్వకూడదు. మరీ ముఖ్యంగా, థాంక్స్ అనే మాట నోట రాకూడదు. వస్తే రొట్టెలోని గుణం అక్కడితో సరి.

పుట్టింటి పేరూ అత్తింటి పేరూ ఒకటే అయిన ఆడది, మొగుడితో వీసమెత్తు రక్తసంబంధం కూడా లేనిదైతే, ఆమె చేతి రొట్టె దగ్గును కోసేస్తుందని మా వైపు నమ్మకం. స్మిత్‌ని చేసుకున్న స్మిత్‌లు సంతకు వెళ్తే పదిమంది కనిపిస్తారు, వాళ్ల రొట్టె మీద ఎవరికీ అంత గురి లేదు. ఎల్లర్‌బాచ్ అన్న పేరు మాత్రం పక్క ఊరివాళ్లకే తెలియదు. అలాంటి పేరుగల పిల్లకు అదే పేరుగల పరాయివాడు దొరికాడంటే అది దేవుడు పనిగట్టుకుని చేసిన పనే అని ఊరంతా తీర్మానించుకుంది. మావాళ్లు దేవుడి తరఫున తీర్మానాలు చేయడంలో ఎప్పుడూ ఆలస్యం చేయరు.

ఈనాక్ మా ఊరికి చెట్లు కొట్టడానికి వచ్చాడు. చెప్పులకు చెక్క అడుగులు చేయడానికి వాగు ఒడ్డున ఎల్లర్ చెట్లు నరికే ముఠాలో మనిషి. పాలు అమ్మడానికి వెళ్లిన కెజయా అతని పేరు అడిగింది.

"ఈనాక్ ఎల్లర్‌బాచ్."

"ఏయ్, వేళాకోళమా? మా ఇంటిపేరు నీకెవరు చెప్పారు?"

"మీదేంటి, మా నాన్నది అది. నమ్మకపోతే వెళ్లి ఆయన్నే అడుగు. కాకపోతే గట్టిగా అరవాలి, పాతిపెట్టి చాలా కాలమైంది."

ఆమె నవ్వు ఆపుకోలేక పాలు సగం ఒలకబోసింది. అతనిది వేల్స్ సరిహద్దు వైపు ఊరు. తమకు అటు చుట్టాలెవరూ లేరని కెజయా తండ్రి గట్టిగా చెప్పాడు. చర్చిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివినప్పుడల్లా ఒకే ఇంటిపేరు రెండుసార్లు వినబడేసరికి ఆడవాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. పెళ్లి గౌను విప్పకముందే ఒకామె దగ్గుతున్న బిడ్డను ఎత్తుకుని వచ్చేసింది.

పిల్లలు కోలుకున్నారు, చాలామంది. కోలుకోనివాళ్ల తల్లులు, దారిలో తామే ఏదో మాట జారి ఉంటామని తమనే తిట్టుకున్నారు. కెజయాకు ఆ గుమ్మంలో నిలబడినప్పుడు ఒక గర్వం. అది దాచుకోవడం ఆమెకు చేతకాలేదు, అవసరమనీ అనుకోలేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు, లెటిస్. నాలుగేళ్ల వయసులో ఆ పిల్లకే దగ్గు పట్టుకుంది. రెండో వారానికి దగ్గు తెర వచ్చినప్పుడల్లా మొహం నీలంగా మారుతుంటే ఈనాక్ బండి అడిగి తెస్తానని లేచాడు.

"డాక్టర్నా? ఊళ్లో పిల్లలందరికీ పనికొచ్చిన నా చెయ్యి నా పిల్లకు పనికిరాదా?" అంది కెజయా. "నువ్వు వెళ్లి ఆయన్ని తీసుకొస్తే రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారు?"

ఈనాక్ కూర్చుండిపోయాడు. లెటిస్ వంటింట్లో తల్లి ఒడిలోనే పోయింది, రొట్టె ముక్క పిడికిట్లోనే ఉంది. సొంత కడుపుకు సొంత చేయి పనిచేయదులే అని ఆడవాళ్లు ఓదార్చారు. కెజయా ఆ మాటను పట్టుకుని బతికింది. రొట్టెలు పంచుతూనే ఉంది. జుట్టు నెరిసింది, మళ్లీ కడుపు పండలేదు.

అప్పుడు మా చర్చికి కొత్తగా లట్విచ్ అనే కుర్ర పాస్టరు వచ్చాడు. మంచివాడే. ఇంటిపేర్ల పిచ్చి ఒక్కటే ఆయన జబ్బు. ఎవరు పలకరించినా వాళ్ల తాతల పేర్లు తవ్వేవాడు. ఒక సాయంత్రం మోకాళ్లదాకా బురదతో, వెలిగిపోతున్న మొహంతో కెజయా ఇంటికి వచ్చాడు.

"మిసెస్ ఎల్లర్‌బాచ్, మీ పేరు దొరికింది! ఎల్లర్ అంటే మీకు తెలిసిన చెట్టే. బాచ్ అంటే వాగున్న చిన్న లోయ. ఆ లోయకు వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను. కొండ వెనక ఉంది. ఒకే ఒక్క ఇల్లు ఉండేదట, ఇప్పుడు మొండిగోడలే మిగిలాయి. అక్కడి ముసలి కాపరికి ఇంకా గుర్తుంది, ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు దెబ్బలాడుకుని విడిపోయారట. ఒకడు ఇటు దిగాడు, ఇంకొకడు వేల్స్ వైపు పోయాడు."

"వేల్స్ వైపా?" అంది కెజయా.

"అవును, మీవారి వైపు! అంటే మీరిద్దరూ ఒకే పొయ్యి దగ్గర నుంచి వచ్చినవాళ్లు. ఎంత ముచ్చటైన సంగతో చూడండి. నాకు తెలిసిన ప్రతి పాస్టరుకీ రాసి కనుక్కున్నాను, దేశంలో ఇంకెక్కడా ఈ పేరు లేదు. మీ ఇద్దరితో..." అక్కడ ఆయనకు తన మాట ఎటు పోతోందో అర్థమై ఆగిపోయాడు.

పేరు ఎవరితో ఆగిపోతుందన్న బెంగ కాదు ఆమెది. ఒకే పొయ్యి. ఒకే రక్తం. అయితే ఇన్నేళ్లూ ఆమె పంచింది ఉత్త రొట్టె. ఉత్త రొట్టెను నమ్ముకుని ఆ రోజు బండి కట్టనివ్వలేదు. పాస్టరు ఎప్పుడు వెళ్లాడో కూడా ఆమెకు తెలియలేదు.

ఆ శీతాకాలమే పక్కింటి టమర్ ప్రీస్, దగ్గుతో మెలికలు తిరుగుతున్న కొడుకును శాలువాలో చుట్టుకుని వచ్చింది. టమర్‌కు అంతకుముందు ఇద్దరు పిల్లలు పోయారు.

"ఇంట్లో రొట్టె ఉందా?"

బల్ల మీద రొట్టె కనిపిస్తూనే ఉంది. కెజయా కత్తి అందుకుంది, మళ్లీ పెట్టేసింది.

"నా రొట్టె నమ్ముకోకు టమర్. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఈనాక్ బండి అడిగి తెస్తాడు."

"అదేంటి? నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదే. నేనూ ఈనాకూ ఒకే ఇంటి రక్తమట. నా చేతిలో ఏమీ లేదు."

టమర్ మొహం ఎర్రబడింది. "ఊరందరి పిల్లలకూ ఉంది, నా దగ్గరికి వచ్చేసరికి లేదా? నీకు దక్కలేదని నాకూ దక్కకూడదా? అంత కుళ్లా నీకు!"

ఈనాక్ పొయ్యి దగ్గర నుంచి లేచాడు. "ఒక ముక్క ఇచ్చెయ్యవే. ఎవరికేం నష్టం?"

"లెటిస్‌కి జరిగిన నష్టం చాలదా?" అంది కెజయా. ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నేళ్లయిందో. ఈనాక్ టోపీ తీసుకుని బండి కోసం వెళ్లిపోయాడు.

డాక్టరు ఆ పిల్లాణ్ని తన ఇంటి మేడ గదిలోనే ఉంచుకున్నాడు. బతకడం అనుమానమే అన్నాడు. ఈలోగా ఊళ్లో సంగతి పొక్కింది. ఎల్లర్‌బాచ్ గుమ్మం ముందు ఎవరూ ఆగడం లేదు. ఒకప్పుడు రొట్టె పుచ్చుకున్న తల్లులు చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. బిడ్డలు పోయినవాళ్ల చూపులు ఎదుర్కోలేక కెజయా ప్రార్థనంతసేపూ తల దించుకునే ఉండేది.

మంచు కరిగాక ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. టమర్. చంకలో పిల్లవాడు, ఎముకల గూడులా ఉన్నాడు గాని కళ్లు చురుగ్గా తిరుగుతున్నాయి.

"ఆ రోజు నానా మాటలూ అన్నాను," అంది. "థాంక్స్, కెజయా."

అనకు, అనకూడదు, అనే మాట కెజయా నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఆ గుమ్మంలో ఎవరూ అనని మాట. టమర్ వెళ్లాక ఆమె తలుపు మూయలేదు. గడప మీద కూలబడి, లెటిస్ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

ఈనాక్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "డాక్టరు వచ్చినా మన పిల్ల దక్కేదో లేదో ఎవరికి తెలుసే," అన్నాడు.

"తెలుసుకోనిచ్చానా?" అంది కెజయా. "ఆ రోజు బండి కోసమని నువ్వు అప్పటికే బూట్లు వేసుకున్నావు కూడాను."