రత్నం భయానికి నేను చెప్పిన అర్థం

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నా అక్కడే, నవ్వుతున్నా అక్కడే. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకి చెప్పాలంటే నోరు పెగలదు.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో కౌన్సెలర్‌గా పనిచేశాను. మద్రాసులో చదువుకుని ఓడ దిగిన కొత్తలో మనోవిశ్లేషణ అంటే నాకు పిచ్చి. మనిషి తనకే తెలియకుండా దాచుకున్న కోరికలు కలల్లో, భయాల్లో బయటపడతాయని ఆ సిద్ధాంతం. ఎదుటివాళ్ల మనసు తవ్వేముందు నీ మనసు తవ్వుకో అని కూడా అందులోనే ఉంది. ఆ రెండోది నేను పరీక్ష కోసమే చదివినట్టున్నాను.

రత్నం అనేది నేను పెట్టిన పేరు. నిద్ర పట్టడం లేదని వచ్చింది. మొగుడు చేపల వేటకి వెళ్తే ఇంట్లో పొయ్యి వెలిగించదట. బోటు మునిగిపోతున్నట్టు కళ్లకి కనిపిస్తుందట. మాటల్లో మొగుడి పేరు చెప్పింది. నాకు బాగా తెలిసిన మనిషే.

అతను ఈ ఊళ్లోనే, లంబాలైన్ పేటలో మా వెనకింట్లో పెరిగినవాడు. మా రెండు కుటుంబాలూ ఆంధ్రా తీరం నుంచి ఒకే ఓడలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవే. నేను చదువుకి వెళ్లేటప్పుడు నా పెట్టె జెట్టీ దాకా మోసుకొచ్చి, తిరిగొచ్చేస్తావు కదా అని అడిగాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను గాల్లో ఎన్ని మేడలు కట్టుకున్నానో. తిరిగొచ్చేసరికి మధ్య అండమాన్‌లోని రంగత్ ఊరి పిల్లతో అతని పెళ్లైపోయింది.

నీ భర్త నాకు తెలుసు, నువ్వు ఇంకొకరి దగ్గరికి వెళ్లమ్మా అని ఆ పూటే చెప్పాలి. మా పనిలో మొదటి నియమం అది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? వినాలనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినాలనిపించింది. అతను ఏ కూర ఇష్టంగా తింటాడు, కోపం వస్తే ఏమంటాడు, ఆమెని ఏమని పిలుస్తాడు. ఆమె చెబుతుంటే నేను తల ఊపుతూ కూర్చునేదాన్ని. తడిసి వచ్చిన అతని తల తనే తుడుస్తానని చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. భయపడడానికైనా దానికి ఒక మనిషి ఉన్నాడు. నాకెవరున్నారు?

ఆ తర్వాత వచ్చినప్పుడు చెప్పేశాను. గొంతు మెత్తగా పెట్టుకుని మరీ చెప్పాను.

"రత్నం, ఒక్కోసారి మనం దేనికి ఎక్కువ భయపడతామో, మనసు అడుగున అదే కోరుకుంటాం. నీకు తెలియకుండానే ఆ బోటు తిరిగి రాకూడదని ఉందేమో. ఆరామ్‌గా ఆలోచించి చూడు."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా మన్‌లో అదుందా దీదీ? అయితే ఆయన్ని నానే ముంచేస్తాను కదా. నానింట్లోంచి ఎలిపోతే ఆయనకేటీ అవ్వదా? సచ్ సెప్పు దీదీ."

ఒక్క మాట చాలు. సిద్ధాంతం కూడా అదే చెబుతుంది, కోరిక వేరు, చేత వేరని. నాలుక చివరిదాకా వచ్చింది. నేను మాట్లాడలేదు. మా విద్యలో మౌనం కూడా ఒక పనిముట్టే. ఎదుటి మనిషి తనంతట తాను ఆలోచించుకోవడానికి అలా వదిలేస్తాం. ఎవరైనా చూసి ఉంటే నేను పద్ధతిగా పనిచేస్తున్నానని మెచ్చుకునేవారు. నేను మాత్రం ఒకటే అనుకుంటున్నాను. వెళ్తుందా? నిజంగా వెళ్లిపోతుందా?

వెళ్లిపోయింది. బస్సెక్కి రంగత్‌లో పుట్టింటికి. అతను వెళ్లి ఎంత బతిమాలినా, నేను పక్కనుంటే నీకు గండం అని తలుపు తియ్యలేదట. అతను నా గదికి వచ్చి, ఏం జరిగిందో చెప్పమని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. ఇక్కడి మాటలు బయటికి చెప్పకూడదన్నాను. అప్పుడు గుర్తొచ్చాయి నాకు నియమాలు. ఆ ఏడుపు ఆమె కోసమని చూసి, అప్పుడు కూడా ఆమె మీదే ఏడ్చాను నేను.

రత్నం మనసు అడుగున ఏముందో నాకు తెలియదు. ఆ గదిలో ఒక మనిషి అడ్డం తొలగిపోవాలని కోరుకున్నది మాత్రం నేను.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చాను, ఒకసారి కాదు. పోయిన వానల్లో రత్నం పోయింది. తను దూరంగా ఉన్నందుకే మొగుడు క్షేమంగా ఒడ్డుకి వస్తున్నాడని చివరిదాకా నమ్మిందట. అతను ఇప్పటికీ వేటకి వెళ్తున్నాడు. క్షేమంగానే వస్తున్నాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వాల్సింది మీరు కాదు. ఆ రోజు మింగేసిన మాట ఒక్కసారి పైకి అననివ్వండి, చాలు. మనసులో అనుకున్నంత మాత్రాన బోట్లు మునగవు, రత్నం. ఇంటికెళ్లు.