అట్ట నుంచి అట్ట దాకా

కాలేజీ లైబ్రరీ వెనకాల, పాత పత్రికల బీరువాలకీ గోడకీ మధ్య ఒక ఇరుకు గది. చూపు లేని విద్యార్థుల కోసం అక్కడ కూర్చుని పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. ఫ్యాను చప్పుడు రికార్డులో పడుతుందని నడి ఎండాకాలంలో కూడా ఆపేసుకునేది. పిల్లలు ఆమెను చదువుల పిన్ని అనేవాళ్లు.

పిన్నికి ఒక పట్టింపు ఉండేది. ముందు అట్ట మీది పేరు మొదలు వెనక అట్ట మీది చివరి ముక్క దాకా అంతా చదవాల్సిందే. కళ్లున్నవాళ్లకి కనబడేదంతా వీళ్లకి వినబడొద్దా అనేది. అందుకే ప్రచురణకర్త అనుమతి లేకుండా ఈ పుస్తకంలో ఏ భాగాన్నీ కాపీ చేయరాదన్న వాక్యాన్ని కూడా ప్రతి పుస్తకంలోనూ తొణక్కుండా చదివి పెట్టింది.

అదే మెడకు చుట్టుకుంది. ఒక ఫైలు ఎలాగో ప్రచురణ సంస్థ చేతిలో పడింది. వాళ్ల మనిషి వచ్చి ప్రిన్సిపాల్ గదిలో దాన్ని వినిపించాడు. తెలియక చేశారనడానికి లేదు, హెచ్చరిక చదివి మరీ చేశారన్నాడు. లైసెన్సు కొనండి, లేదంటే అన్నీ చెరిపేయండన్నాడు. తన గొంతు తన మీదే సాక్ష్యం చెబుతుంటే పిన్ని పరాయి మనిషి మాట విన్నట్టు విన్నది.

లా చదివే అమ్మాయి ఒకతె, పుట్టుకతోనే చూపు లేనిది. అందరికీ లాయరమ్మ. వారంలో ఆమెకు ఆఖరి సంవత్సరం పరీక్ష. చూపు లేనివాళ్ల చదువుకి ఎవరి అనుమతీ అక్కర్లేదని, ఆ మినహాయింపు చట్టంలోనే ఉందని ప్రిన్సిపాల్ ముందు పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"చట్టం నీ వైపే ఉందమ్మా, కాదనను. కోర్టు చుట్టూ తిరిగేదెవరు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడాయన.

సంస్థ కోర్టుకు వెళ్లనే లేదు. వెళ్తానంది, అంతే. దిక్కులేనివాళ్ల హక్కులు సగం ఇలా గుమ్మంలోనే చస్తాయి.

ఆ మధ్యాహ్నం పిన్ని ఫైళ్లు చెరిపింది. నిజంగా తీసేయాలా అని కంప్యూటరు అడిగినప్పుడల్లా అవునని నొక్కింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వేలు ఒక్కటే పనిచేసింది. అంతా అయ్యాక లేచి ఫ్యాను వేసుకుంది.

లాయరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఫ్యాను తిరుగుతోందేంటి పిన్నీ?"

"ఇంక ఆపేదెందుకు?"

"అయితే అన్నీ పోయాయన్నమాట."

"పోయాయి."

"ఇప్పుడు నేనేం విని రాయను?"

పిన్ని స్టూలు లాగింది. బీరువాలోంచి ఆమె పరీక్ష పుస్తకం తీసి, కూర్చోమంది. అట్ట మీది పేరు చదివింది. రచయిత పేరు, ఎన్నో ముద్రణో చదివింది. తర్వాత కాపీ చేయరాదన్న ఆ వాక్యం, ఎప్పటి గొంతుతోనే.

"అది కూడానా పిన్నీ?"

"రాసి ఉందిగా."

పేజీ తిప్పింది. ఫ్యాను గాలికి అది మళ్లీ వెనక్కి పడబోతే, అరచేత్తో అదిమిపట్టి మొదటి పాఠం అందుకుంది.