రెండో వాక్యంలో హంతకుడు

ఫోన్లలోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న కాలంలో, తాండూరు నుంచి వికారాబాద్‌కు ఉద్యోగాలకు వెళ్లే మా రైలు గుంపులో, టీచరమ్మ నవలను చెడగొట్టింది నర్సక్కేనని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. చెడగొట్టింది నేను. (తప్పు ఒప్పుకోవడంలో కూడా పోటీకి దిగుతానంటారు మా ఆయన. అననివ్వండి.)

మా పెట్టెలో ఒక పద్ధతి ఉండేది. టీచరమ్మ పొద్దున రైల్లో ఒక అపరాధ పరిశోధన నవలను రోజుకొక్క అధ్యాయం పైకి చదివేవారు. మేం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేవాళ్లం. తర్వాతి పేజీలు ఎవరూ ముందే చూడకూడదు, ఆవిడ కూడా. చివరి అధ్యాయం సరిగ్గా తన రిటైర్మెంటు రోజున వచ్చేలా చూసి మరీ మొదలుపెట్టారావిడ. "శాలువలు గీలువలు నాకొద్దు. హంతకుడు దొరికినంక మీ అందరి మొకాలు జూడాలె, గదే నాకు సన్మానం" అనేవారు. ఆ నవల నేను కాలేజీలోనే చదివేశాను. ఏమీ తెలియని మొహం పెట్టుకుని కూర్చునేదాన్ని.

అంతటితో ఆగినా బాగుండేది. అందరూ కలిసి రాసే ఒక విజ్ఞాన సర్వస్వం వెబ్‌సైటులో అప్పట్లో నవలల గురించి రాసేదాన్ని. ఈ నవల పేజీ కూడా నాదే. హంతకుడెవరో రెండో వాక్యంలోనే చెప్పేశాను. ఎవరో పైన 'కథ ముగింపు ఉంది, చదవనివారు జాగ్రత్త' అని చేర్చారు. తీసేశాను. "ఇది విజ్ఞాన సర్వస్వం, సినిమా హాలు కాదు. తెలుసుకోవడానికి వచ్చినవాళ్ల కళ్లకు గంతలు కడతామా?" అని నాలుగు రోజులు వాదించి గెలిచాను. గెలిచిన మర్నాడు రైల్లో జిలేబీ పంచాను, ఎందుకో చెప్పకుండా.

రిటైర్మెంటుకు ముందురోజు. "గీ నవల రాసినాయనది ఏ ఊరో? ఓ ఉత్తరం రాద్దుము" అన్నారు టీచరమ్మ. "ఫోన్ల జూస్త, జర ఆగుండ్రి" అంది నర్సక్క. రైలు ధారూర్ ఇంకా దాటలేదు, ఆమె ఫోన్లో నేను రాసిన పేజీ తెరుచుకుంది.

"ఓయమ్మో, గా కాంపౌండరా సంపింది! మస్తు మంచోడనుకుంటి గద!"

టీచరమ్మ పుస్తకం మూసేశారు. "నీ తప్పేముంది తియ్యి బిడ్డా. రాసినోళ్లకు ఉండొద్దా, జర ముందుగాల చెప్పాలన్న సోయి?" అన్నారు. "ఏమే వకీలమ్మా, ఇయ్యాల నీ నోరు లేస్తలేదేంది?" అని ఎవరో నన్ను ఎత్తిపొడిచారు (ప్రతిదానికీ వాదిస్తానని పెట్టెలో నాకు పెట్టిన పేరది). చిక్కుడుకాయల మీంచి తలెత్తలేదు నేను.

మర్నాడు ఆవిడకు శాలువా కప్పాం. పుస్తకం సంచిలోంచి బయటికి రాలేదు. నర్సక్క వికారాబాద్ దాకా ఏడ్చింది, నేను పక్కనే కూర్చుని ఓదార్చాను (ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో చేయలేదు). ఆ సాయంత్రమే హెచ్చరికను తిరిగి పెట్టాను. గంటలో ఎవరో మహానుభావుడు తీసేశాడు, నా వాదననే అక్షరం పొల్లుపోకుండా నాకు చూపించి.

హెచ్చరిక ఉండాలా వద్దా అంటే ఈరోజుకీ రెండు వైపులా వాదించగలను. నాలుగు రోజులు వాదించి గెలిచిన ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వే వస్తుంది, కానీ సగంలో ఆగిపోతుంది. టీచరమ్మా, ఆ చివరి అధ్యాయం ఇంట్లో ఒక్కరే కూర్చుని అయినా చదువుకున్నారా?